నిర్దోషి అన్న మాట



రాసేవారు మాటలను ఎంచుకోవలసిన తీరును గురించి చెప్పమని నన్ను పిలిచారు. సాహిత్యం సంగతి పెద్దలు చెబుతారు. నేను మన హైదరాబాదు అనుభవం నుంచి మూడు నాలుగు మాటలను మాత్రమే మీ ముందుంచుతాను.

2007 మే 18, శుక్రవారం. మక్కా మసీదులో జుమా నమాజు వేళ బాంబు పేలింది. ప్రాణాలు పోగొట్టుకున్నవారు మనవాళ్ళు. ఆ తరువాత అనుమానం పేరిట పోలీసులు పట్టుకుపోయినవారిలో అనేకులూ మన పిల్లలే. చట్టం దృష్టిలో మనిషి మొదట అనుమానితుడు, అభియోగం మోపాక నిందితుడు, తీర్పు వచ్చిన తరువాతనే దోషి. ఇటువంటి కేసులలో 'ముష్కరుడు' అన్న ఒక్క శీర్షిక ఈ మెట్లన్నిటినీ మొదటిరోజే దాటిపోతుంది.

ఏళ్ళ తరువాత కోర్టు విడుదల చేస్తుంది. అప్పుడైనా వార్త ఎలా వస్తున్నది? 'సాక్ష్యాలు లేక బయటపడ్డాడు' అని. ఈ వాక్యాన్ని నెమ్మదిగా చదవండి. నేరం చేశాడు కానీ దొరకలేదన్న అర్థం అందులో దాగి ఉన్నది. 'నిర్దోషిగా కోర్టు ప్రకటించింది' అని రాయడానికి ఇంతకంటె ఎక్కువ చోటేమీ పట్టదు.

మక్కా మసీదు కేసు తరువాత అన్యాయంగా నిర్బంధానికి గురైనవారి విషయంలో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, జాతీయ మైనారిటీ కమిషన్ సిఫారసు మేరకు, 20 మందికి 3 లక్షల రూపాయల చొప్పున, మరో 50 మందికి 20 వేల చొప్పున పరిహారం ప్రకటించింది. 2013లో హైకోర్టు ఆ పరిహారం చెల్లదన్నది. డబ్బు గురించి చాలా వాదన జరిగింది. నాకు మాత్రం చెక్కుతోపాటు ఇచ్చిన సత్ప్రవర్తన పత్రమే ముఖ్యమనిపించింది. అద్దెకు ఇల్లు అడగబోయినవాడు చెక్కు చూపించలేడు కదా! ఆ నాలుగు పంక్తుల కాగితం చూపించగలడు.

ఇక మన సంగతి. పరాయి పత్రికలను తప్పుపట్టి ఊరుకుంటే ఎలా? మనమందరం, నాతో సహా, 'అమాయక ముస్లిం యువకులు' అని రాస్తూ వచ్చాం. ఇటువంటిదే మరో కేసులో విడుదలైన ఒక యువకుని తల్లి నా వ్యాసం చదివించుకుని విని, నన్ను పిలిపించింది. "అమాయకుడని ఎందుకు రాశావు బాబూ? అమాయకుడైతే వాళ్ళు పెట్టమన్నచోట సంతకం పెట్టి ఉండేవాడు. దెబ్బలు తిన్నాడు గానీ పెట్టలేదు" అన్నది. నేను తలవంచుకున్నాను. అమాయకుడంటే లోకం తెలియనివాడు. అతని మీద జాలి పడతాం. నిర్దోషి అంటే నేరం చేయనివాడు; అతనికి మనం, ప్రభుత్వం జవాబు చెప్పాలి. ఇన్నేళ్ళుగా హక్కు అడగవలసిన చోట జాలి అడుగుతూ వచ్చామన్నమాట.

ఆ యువకుడు ఇప్పుడు ఫోన్లు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాడు. పెళ్ళి సంబంధాలు చూస్తున్నారు. గత సంచికలో మనం అతని గురించి వేసిన శీర్షిక 'పేలుళ్ళ కేసు యువకుడు'. సంపాదకులు ఇక్కడే ఉన్నారు. వచ్చే నెల సంచికలో, అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో దానిని సవరించవలసిందిగా సభాముఖంగా కోరుతున్నాను. వాక్యం నేను రాసి తెచ్చాను. ఆ తల్లికి చదివి వినిపించాను కూడా.