కారులోని యింటి దొంగ

సాయంకాలము చక్కగా ఇల్లు చేరిన కారు మూడు దినములు కదలకుండ నుండును. నాలుగవనాడు తాళపుచెవి త్రిప్పగా 'టక్కు'మని యొక్క శబ్దము చేసి ఊరకుండును. దానిని ఎవరును నడపలేదు; దీపములన్నియు ఆర్పియే యున్నవి. ఐనను బ్యాటరీలోని విద్యుత్తు హరించిపోయినది. అట్టి సమయమున మనలో పెక్కుమంది చేయు పని యొక్కటే: బ్యాటరీ పాతబడినదని తలచి క్రొత్తది కొనుట. ఆ క్రొత్తదియు వారము తిరుగకమున్నే అదే గతి పట్టినప్పుడు గాని మన యనుమానము మరియొకవైపునకు మరలదు.

ఇంటి దొంగను ఈశ్వరుడైనను పట్టలేడని సామెత. కాని కారులోని యింటి దొంగ విషయమున ఆ నిరాశ అక్కరలేదు. ఒక మల్టీమీటరును, కొంత ఓర్పును ఉన్నచో చాలును. ఊహపై ఆధారపడి వస్తువులు మార్చుట మాని, కొలిచి చూచుట మన మలవరచుకొనవలెను. ఇది ధనమునకు మాత్రమే సంబంధించిన విషయము కాదు. అర్ధరాత్రమున ఇంటిలోని పెద్దలకు ఆయాసము వచ్చి ఆసుపత్రికి పోవలసినప్పుడు వాకిట నున్న కారు కదలకుండుట యెట్టి ఆపదయో వేరుగ చెప్పనక్కరలేదు.

కారు బ్యాటరీలలో అధికభాగము నేటికిని సీసపు పలకలును గంధకామ్లమును గలవియే. 1859లో ఫ్రాన్సు దేశమున గాస్టన్ ప్లాంటే కనిపెట్టిన పద్ధతియే దీనికి మూలము. దీని స్వభావమున ఒక విశేషము కలదు. విద్యుత్తు తరిగిన స్థితిలో పెక్కు దినములు విడిచిపెట్టినచో పలకలపై సీసపు సల్ఫేటు గట్టిపడి, తరువాత ఎంత చార్జి చేసినను పూర్వపు శక్తి తిరిగి రాదు. కావున విద్యుచ్చౌర్యము ఆనాటి ప్రయాణమునే కాక బ్యాటరీ ఆయుర్దాయమును గూడ హరించును. వేసవి యెండలు మెండుగాగల మన ప్రాంతములలో బ్యాటరీ తనంతట తాను తరుగుటయు అధికమే.

ఇక లెక్క చూతము. నేటి కార్లలో గడియారము, దొంగల హెచ్చరిక, తాళముల యంత్రము మొదలగునవి కారు నిలిచియున్నను కొద్దిపాటి విద్యుత్తును గ్రహించుచుండును. సామాన్యముగ ఇది 20 మొదలు 50 మిల్లీ ఆంపియర్ల వరకు ఉండును. ఇది దోషము కాదు. 30 మిల్లీ ఆంపియర్ల చొప్పున దినమునకు 0.72 ఆంపియర్-గంటలు, నెలకు సుమారు 21 వ్యయమగును. 45 ఆంపియర్-గంటల బ్యాటరీలో ఇది సగమునకు సమీపము. 2020 మార్చి 25 నుండి దేశమంతట రాకపోకలు స్తంభించినప్పుడు, వారముల తరబడి నిలిచిన కార్లు పిదప సెల్ఫు తీసికొనకపోవుటకు ఈ న్యాయమైన వ్యయమే చాలును. కాని డిక్కీలోని 5 వాట్ల దీపము ఆరక వెలుగుచున్నచో దినమునకు 10 ఆంపియర్-గంటలు పోవును. ఐదు దినములు గడువకముందే బ్యాటరీ శూన్యమగును.

పరీక్షకు ముందు బ్యాటరీ నిర్దోషియని తేల్చుకొనవలెను. పూర్తిగ చార్జి చేసి, కొన్ని గంటలు విశ్రాంతి నిచ్చి కొలిచినచో 12.6 వోల్టుల ప్రాంతమున ఉండవలెను, 12.2 అనగా రమారమి సగమే మిగిలినదని యర్థము. తీగలన్నియు విప్పి ప్రక్కనుంచినను రెండు మూడు దినములలో అది పడిపోయినచో దోషము బ్యాటరీదే. ఇంజను నడచునప్పుడు సామాన్యముగ 13.8 మొదలు 14.5 వోల్టుల వరకు చూపవలెను. అట్లు చూపనిచో చార్జి చేయు ఆల్టర్నేటరును పరీక్షింపవలెను. ఈ రెండును సరిగ నున్నప్పుడే దొంగను వెదకుట.

దీనికి పద్ధతి యిది. చేతి ఉంగరములు, లోహపు గడియారము తీసివేయవలెను. దగ్గర నిప్పు ఉండరాదు, ఏలయన బ్యాటరీనుండి మండు వాయువు వెలువడవచ్చును. తాళపుచెవి కారు లోపల విడువరాదు. కొన్ని కార్లలో తీగ విప్పిన పిదప రేడియో తన రహస్య సంఖ్యను అడుగును గనుక దానిని ముందే వ్రాసి యుంచుకొనవలెను. పిమ్మట ఋణ ధ్రువపు తీగను విప్పి, ఆ తీగకును ధ్రువమునకును నడుమ మీటరును 10 ఆంపియర్ల స్థానమున కలుపవలెను. మీటరు నడుమ నుండగా ఇంజనును స్టార్టు చేయరాదు. స్టార్టరు గ్రహించు వంద ఆంపియర్లకు పైబడిన ప్రవాహమును మీటరు సహింపజాలదు. విద్యుత్తుతోనే నడచు కార్లలోను, హైబ్రిడ్ కార్లలోను నారింజరంగు తీగల జోలికి మనము పోనేరాదు.

మీటరు కలిపిన వెంటనే పెద్ద సంఖ్య కనబడును. దానిని చూచి తొందరపడరాదు. కారులోని చిన్న కంప్యూటర్లు మేలుకొన్నవని దాని యర్థము. అవి నిద్రించుటకు కొన్నిట అరగంట, కొన్నిట అంతకు మించియు పట్టును. తలుపులు, బానెట్ తెరచియుంచి పరీక్షించువారు వాని గొళ్ళెములను స్క్రూడ్రైవరుతో మూసిన స్థితికి త్రిప్పి యుంచవలెను. లేనిచో కారు నిద్రపోదు. సంఖ్య స్థిరపడిన పిదప 50 మిల్లీ ఆంపియర్లకు చాల మించి నిలిచినచో దొంగ ఉన్నట్లే.

అప్పుడు ఫ్యూజులను ఒక్కొక్కటిగ తీసి చూడవలెను. ఏది తీయగా సంఖ్య దిగ్గున పడిపోవునో ఆ దారిలోనే దొంగ కలడు. ఐతే ఫ్యూజు తీసి పెట్టునప్పుడు నిద్రించిన యంత్రములు మరల మేల్కొనవచ్చును. అందుచే అనుభవజ్ఞులు ఫ్యూజును కదల్పక, దాని తలపై నుండు రెండు లోహపు చుక్కల నడుమ మిల్లీ వోల్టులు కొలుతురు. ప్రవాహము లేని ఫ్యూజు సున్న చూపును. ప్రవాహమున్నచో కొంత చూపును.

దొరకు దొంగలు సామాన్యముగ ఎవరు? డిక్కీ దీపము, ముందు సీటు ఎదుటి అరలోని దీపము, అతుకుకొనిపోయిన రిలే. ఇంతకన్న తరచుగ, మనము పిమ్మట చేర్చుకొనిన వస్తువులు: దారిని చిత్రించు కెమెరా, కారు జాడ తెలుపు యంత్రము, క్రొత్త రేడియో. కారు రేడియోకు రెండు విద్యుత్ తీగలుండును: జ్ఞాపకశక్తికై నిత్యము విద్యుత్తు నిచ్చునది ఒకటి, తాళపుచెవితో మేల్కొనునది రెండవది. అమర్చువారు రెంటిని ఒకచోటనే కలిపినచో పాట వినువారు లేకున్నను రేడియో మేలుకొనియే యుండును. అద్దమునకు అంటించిన ఫాస్టాగ్‌ను మాత్రము అనుమానింపరాదు. దానికి కారు బ్యాటరీతో సంబంధము లేదు. టోల్ గేటు యంత్రము పంపు రేడియో తరంగముల శక్తితోనే అది బదులు పలుకును.

ఫ్యూజులన్నియు చూచినను సంఖ్య తగ్గనిచో ఆల్టర్నేటరులోని డయోడు చెడియుండవచ్చును. దాని లావు తీగ ఈ ఫ్యూజుల దారిని రాకపోవచ్చును. ఆ పరీక్షను ఎలక్ట్రీషియనుకు విడుచుట మేలు. కాని అతనికి 'కారు స్టార్టు కాలేద'ని చెప్పుటకును, 'నిద్రించిన కారు 400 మిల్లీ ఆంపియర్లు గ్రహించుచున్నది, ఫ్యూజుల దారిలో దొంగ లేడు' అని చెప్పుటకును ఎంతో భేదము కలదు. మొదటి మాటకు క్రొత్త బ్యాటరీ సమాధానముగ వచ్చును. రెండవదానికి సరియైన మరమ్మతు వచ్చును.

దొంగ దొరకువరకు కారును కదల్పని దినములలో ఋణ తీగను విప్పి యుంచుట బ్యాటరీకి రక్ష. దొరికిన పిదప మరల ఒకసారి కొలిచి, సంఖ్య తగ్గినదని కన్నులార చూచుకొనుట మరువరాదు. మరమ్మతు పూర్తియైనదని చెప్పవలసినది మన నమ్మకము కాదు, మీటరు ముల్లు.