చిన్న తరగతికి ఏ చదువు కావాలి?

(ప్రసంగ పాఠం)



ముంబయి తెలుగు కుటుంబాలలో ఆడపిల్ల డిగ్రీ పూర్తి చేయగానే పెద్దల నోట మొదట వచ్చే మాట, "బీ.ఎడ్. చేయిస్తే బళ్లో టీచరమ్మ అవుతుంది" అన్నది. బడి అన్నప్పుడు వారి మనస్సులో మెదిలేది చాలావరకు ఒకటో తరగతి, రెండో తరగతి. పసిపిల్లలు, ఇంటికి దగ్గరి పాఠశాల. కమాఠీపురానికి తాపీపనివారుగా, పరేలు, వర్లీ మిల్లులకు నేతగాండ్రుగా వచ్చిన వారి మనుమరాండ్రకు ఆ ఉద్యోగం గౌరవమూ ఆధారమూ రెండూ అవుతుంది. ఆ కోరికలో తప్పు లేదు. కాని బీ.ఎడ్. ఆ తరగతులకు అర్హత కాదు. ఈ సంగతి రెండేండ్ల చదువూ, దాని రుసుమూ ముగిసిన తరువాత తెలిసిన ఇండ్లు ఈ నగరంలో తక్కువేమీ కావు.

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. ఆ చట్టాన్ని అనుసరించి జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి 2010 ఆగస్టు 23న కనీస అర్హతలను ప్రకటించింది. ఒకటి నుండి ఐదు తరగతుల వరకు బోధించదలచినవారు ఇంటర్మీడియట్ లేదా పన్నెండో తరగతిలో కనీసం 50 శాతం మార్కులు పొంది, రెండేండ్ల ప్రాథమిక విద్యా డిప్లొమా, అనగా డీ.ఎల్.ఎడ్. పూర్తి చేయాలి. నాలుగేండ్ల బీ.ఎల్.ఎడ్. కూడా చెల్లుతుంది. దానిపైన టెట్ మొదటి పేపరులో ఉత్తీర్ణత అవసరం. తెలుగునాట పాతతరం టీటీసీ అని పిలిచినదీ, కర్ణాటకలో టీసీహెచ్, ఒడిశాలో సీటీ, మహారాష్ట్రలో డీ.ఎడ్. అన్న పేర్లతో నడిచినదీ ఈ కోవకు చెందిన శిక్షణే. పేర్లు మారడం వలన చాలామందికి అది మరేదో చదువు అన్న భ్రమ కలిగింది.

బీ.ఎడ్. విషయంలో గందరగోళానికి ఒక కారణం ఉంది. 2018 జూన్ 28న అదే మండలి మరొక ప్రకటన చేస్తూ, బీ.ఎడ్. ఉన్నవారిని కూడా ప్రాథమిక తరగతులకు నియమించవచ్చునని, నియామకం తరువాత రెండేండ్లలోగా ఆరు నెలల అనుసంధాన శిక్షణ పొందితే చాలునని చెప్పింది. వేలమంది ఆ మాట నమ్మి బీ.ఎడ్.లో చేరారు. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆ ప్రకటన చెల్లదని తీర్పు చెప్పింది. డిగ్రీతో పాటు బీ.ఎడ్. ఉన్నవారికి ఆరు నుండి ఎనిమిది తరగతుల ద్వారం తెరిచే ఉంది. వారు టెట్ రెండో పేపరు రాయాలి. వారి చదువు వృథా కాలేదు. అది వేరే వయస్సు పిల్లలకు సంబంధించిన చదువు.

పెద్ద పట్టా చేతిలో ఉండగా చిన్న తరగతికి పనికిరారనడం అన్యాయమని కొందరికి తోస్తుంది. ముంబయి పిల్లవాడి అంకెలను గమనిస్తే ఆ తీర్పులోని న్యాయం బోధపడుతుంది. తెలుగులో నలభై రెండు అన్నప్పుడు పదులు ముందు పలుకుతాయి, ఒకట్లు వెనుక. మరాఠీ బేచాళీస్‌లోనూ, హిందీ బయాలీస్‌లోనూ రెండు ముందు వినబడి నలభై తరువాత వస్తుంది. ఇంట్లో ఒక వరుస, కూరగాయల బండి దగ్గర మరొక వరుస వినే పిల్లవాడు 42 రాయమన్నప్పుడు 24 రాస్తే అది మందబుద్ధి కాదు. చెవికి సోకిన వరుసలో రాశాడు, అంతే. 2019లో మహారాష్ట్ర పాఠ్యపుస్తక సంస్థ బాలభారతి రెండో తరగతి గణితంలో పదులు ముందు పలికే పద్ధతిని ప్రవేశపెట్టినప్పుడు, బావన్న అనే మాట ఉండగా పన్నాస్ దోన్ ఎందుకని మరాఠీ సమాజంలో పెద్ద వాదమే చెలరేగింది. ఆ వాదం ఎటు తేలినా, ఇటువంటి తప్పును చూచి గుర్తించడం, పుల్లల కట్టలతోనో పూసలతోనో దానిని సరిదిద్దడం నేర్పే చదువు ప్రాథమిక విద్యా డిప్లొమాయే. గణితంలో స్నాతకోత్తర పట్టా ఉన్నవారికి కూడా ఆ విద్య దానంతట అది రాదు. డిప్లొమా నియమాలలో తరగతి పాఠాలకు 80 శాతం, బడిలో చేసే అభ్యాసానికి 90 శాతం హాజరు తప్పనిసరి చేయడంలోని ఉద్దేశమూ ఇదే. ఉద్యోగం చేసుకుంటూ, హాజరు లేకుండా పట్టా ఇప్పిస్తామనే వారి మాట వినగానే అనుమానించవలసిన కారణం కూడా ఇదే.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఈ డిప్లొమాకు డీసెట్ అనే ప్రవేశ పరీక్ష ఉంది. మహారాష్ట్రలో పన్నెండో తరగతి మార్కుల వరుసను బట్టి సీటు ఇస్తారు. ఇంటర్ తరువాత నాలుగేండ్లలో డిగ్రీ, బీ.ఎడ్. రెండూ కలిపి పూర్తి చేసే సమీకృత కోర్సు 2023-24 నుండి కొన్ని సంస్థలలో మొదలైంది. అందులో మూడు నుండి ఎనిమిదేండ్ల పిల్లలకు చెప్పే పునాది దశను ప్రత్యేకంగా ఎంచుకొనవచ్చు. 2030 నాటికి కనీస అర్హత ఈ నాలుగేండ్ల చదువే కావాలన్నది 2020 జాతీయ విద్యావిధానం పెట్టుకున్న గురి. ఇప్పుడు పదో తరగతిలో ఉన్న ఆడపిల్లల తల్లిదండ్రులు దీనిని దృష్టిలో ఉంచుకోవాలి.

టెట్ మొదటి పేపరుకు 150 మార్కులు: శిశువికాసం, మొదటి భాష, రెండో భాష, గణితం, పరిసరాల విజ్ఞానం, ఒక్కొక్కదానికి 30. అరవై శాతం, అనగా 90 మార్కులు వస్తే ఉత్తీర్ణత. ఆ పత్రం పూర్వం ఏడేండ్లే చెల్లేది. 2021 నుండి జీవితకాలం చెల్లుతుంది. టెట్ అర్హత మాత్రమే, ఉద్యోగం కాదు. మహారాష్ట్రలో నియామకానికి టైట్ అనే మరొక పరీక్ష రాసి, పవిత్ర పోర్టల్ ద్వారా దరఖాస్తు చేయాలి.

పెండ్లి చేసుకొని కరీంనగర్ నుండో శ్రీకాకుళం నుండో ఈ నగరానికి వచ్చిన అమ్మాయికి స్వరాష్ట్రపు టెట్ ఉండవచ్చు. అది ఆ రాష్ట్ర ప్రభుత్వ పాఠశాలలను ఉద్దేశించిన పరీక్ష. కేంద్రీయ విద్యాలయాల వంటి కేంద్ర పాఠశాలలకు సీటెట్ కావాలి. ప్రభుత్వ సహాయం లేని ప్రైవేటు పాఠశాల ఆ రాష్ట్ర టెట్‌నైనా, సీటెట్‌నైనా అంగీకరించవచ్చు. సొంత ఊరు విడిచి వచ్చినవారికి సీటెట్ రాసి ఉంచుకోవడం మేలు. అందులో తెలుగును భాషగా ఎంచుకునే వీలూ ఉంది.

కులధ్రువపత్రం సంగతి మరింత చిక్కు. తెనాలిలో పుట్టి, చిన్నతనంలోనే తండ్రి ఉద్యోగరీత్యా ముంబయి చేరిన మర్రి చంద్రశేఖరరావు, ఆంధ్రలో తమకున్న షెడ్యూల్డు తెగ హోదాతో ఇక్కడ వైద్య కళాశాలలో సీటు కోరగా, ఒక రాష్ట్రపు హోదా మరొక రాష్ట్రానికి వెంట రాదని 1990లో సుప్రీంకోర్టు తేల్చింది. అందువలన ఇక్కడి రిజర్వేషనును గాని, టెట్ మార్కుల సడలింపును గాని లెక్కలో వేసుకొనే ముందు మహారాష్ట్ర పత్రం దొరుకుతుందో లేదో చూడాలి. షెడ్యూల్డు కులాలకు 1950 ఆగస్టు 10, ఇతర వెనుకబడిన వర్గాలకు 1967 అక్టోబరు 13 నాటికి కుటుంబం మహారాష్ట్రలో ఉన్నట్లు రుజువు అడుగుతారు. తాతగారి మిల్లు కార్డు, మునిసిపల్ బడి విడిచిన సర్టిఫికెట్ వంటి పాత కాగితాలు ఇక్కడ అక్కరకు వస్తాయి. ఇల్లు మారినప్పుడు వాటిని చిత్తుకాగితాల వాడికి వేసినవారు ఆ విలువను తరువాత తెలుసుకుంటారు.

బడికి వెళ్లే ముందు వయస్సు పిల్లల విషయం వేరు. విద్యాహక్కు చట్టం ఆరేండ్ల నుండే వర్తిస్తుంది; మూడు నుండి ఆరేండ్ల పిల్లలకు ప్రభుత్వాలు ఏర్పాట్లు చేయవచ్చునని మాత్రమే చెబుతుంది. మండలి 2014 నియమాల ప్రకారం పూర్వప్రాథమిక టీచరుకు పన్నెండో తరగతిలో 50 శాతం మార్కులు, రెండేండ్లకు తగ్గని నర్సరీ లేదా శిశువిద్యా డిప్లొమా, లేదా నర్సరీ బీ.ఎడ్. ఉండాలి. వాడవాడలా వెలసిన ప్లేస్కూళ్లు దీనిని పట్టించుకోవడం అరుదు. ఆరు నెలల మాంటిస్సోరి సర్టిఫికెట్లు, ఏడాది నర్సరీ శిక్షణలు అమ్ముడుపోవడానికి అదే కారణం. వాటిలో మంచివీ ఉన్నాయి, పిల్లలతో మెలగడం నేర్పుతాయి. ప్రభుత్వ ఉద్యోగం వస్తుందని చెప్పి అమ్మినప్పుడే అవి మోసమవుతాయి. అంగన్‌వాడీ మార్గం దీనికి భిన్నం: 1975 అక్టోబరు 2న మొదలైన ఆ పథకం విద్యాశాఖది కాదు, స్త్రీ శిశు సంక్షేమ శాఖది. అక్కడ స్థానిక మహిళకే అవకాశం, ఇచ్చేది గౌరవ వేతనం.

ఇప్పటికే పనిలో ఉన్న ఉపాధ్యాయులకు 2025 సెప్టెంబరు 1 నాటి సుప్రీంకోర్టు తీర్పు ముఖ్యం. పదవీ విరమణకు ఐదేండ్లకు మించి వ్యవధి ఉన్నవారు రెండేండ్లలో టెట్ ఉత్తీర్ణులు కావాలన్నది. అంతకంటె తక్కువ ఉన్నవారు కొనసాగవచ్చు గాని పదోన్నతికి టెట్ కావాలన్నది. అల్పసంఖ్యాక విద్యాసంస్థల ప్రశ్నను విస్తృత ధర్మాసనానికి నివేదించింది. తెలుగు సంఘాలు నడిపే పాఠశాలల యాజమాన్యాలు ఆ విచారణను గమనిస్తూ ఉండాలి; అది తేలేవరకు ఉపాధ్యాయులు పరీక్షకు సిద్ధం కావడమే క్షేమం.

ముంబయి మహానగరపాలిక తెలుగుతో సహా ఎనిమిది మాధ్యమాలలో పాఠశాలలు నడుపుతుంది. మాతృభాషలో ప్రాథమిక విద్యకు తగిన సౌకర్యాలు కల్పించాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం 1956 నుండి చెబుతూనే ఉంది. అయితే ఆ తరగతిలో నిలబడి చెప్పగల మనిషి లేకుంటే ఆ మాట కాగితంపైనే ఉండిపోతుంది. ఈ నగరంలో పుట్టి ఇంగ్లీషు మాధ్యమంలో చదివిన తెలుగు యువతులు ఇంట్లో చక్కగా తెలుగు మాట్లాడతారు. ఒత్తులతో, గుణింతాలతో ఒక పేరా రాయమంటే తడబడతారు. మహాటెట్‌లో మొదటి భాషగా తెలుగు ఎంచుకొనే వీలున్నా, 30 మార్కుల ఆ భాగంలో మాట్లాడే తెలుగు ఒక్కటే సరిపోదు.

డబ్బు కట్టే ముందు ఆ సంస్థకు, ఆ కోర్సుకు మండలి ఇచ్చిన గుర్తింపు ఉత్తర్వును అడిగి చదవాలి. మహారాష్ట్ర సంస్థలకు అది పశ్చిమ ప్రాంతీయ కమిటీ పేర ఉంటుంది. ఉత్తర్వులో కోర్సు పేరు, సీట్ల సంఖ్య ఉంటాయి. ఒక కోర్సుకు వచ్చిన గుర్తింపును చూపి మరొక కోర్సులో చేర్చుకొనేవారూ ఉన్నారు. ఇక తెలుగు భాగానికి కోచింగు వెతకనక్కరలేదు. బాలభారతి తెలుగు మాధ్యమం ఒకటి నుండి ఐదు తరగతుల వాచకాలను ఆ సంస్థ వెబ్‌సైటు నుండి ఉచితంగా దింపుకొని, రోజుకొక పాఠం చదివి చూచిరాత రాస్తే, పరీక్షకూ తరువాత తరగతి గదికీ కావలసిన తెలుగు చేతికి వస్తుంది.