ఒకే పొరపై రెండు నారుమళ్లు



సున్నము లేని పల్లె లేదు. తాంబూలమునకు సున్నము, గోడకు సున్నము. వనపర్తి ప్రాంతమునుండి కట్టడపు పనులకై వలసపోవు కూలీలకు సున్నముతోను, సిమెంటుతోను నిత్యసంబంధము. అవి కంటబడినచో కలుగు హాని దారుణము.

నల్లగుడ్డుపై అద్దమువంటి పొర యొకటి కలదు. వైద్యులు దానిని కార్నియా యందురు. దాని పైకణములు దినదినము రాలిపోవుచుండగా, నల్లగుడ్డును తెల్లగుడ్డును కలియు అంచునందలి మూలకణములు క్రొత్తవానిని పుట్టించుచుండును. సున్నపు ఘాటునకు ఆ మూలకణములు నశించినచో, తెల్లగుడ్డుపై పొర నెత్తుటి నాళములతో ముందునకు ప్రాకి చూపును కప్పివేయును. అట్టి కంటికి పరుల కార్నియాను మాత్రమే అతికించినను నిలువదు.

1987లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు హైదరాబాదున స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థలో 2001 నుండి దీనికొక ఉపాయము ఆచరణలోనికి వచ్చినది. డాక్టర్ వీరేందర్ సంగ్వాన్, డాక్టర్ గీతా వేముగంటి ప్రభృతులు రోగి మంచికంటి అంచునుండి ఆవగింజంత ముక్కను గైకొని, ప్రయోగశాలలో సుమారు రెండు వారములు పెంచి, చెడినకంటిపై నాటిరి.

కణము గాజుపై ఊరక పెరుగదు. దానికి తగిన నేల కావలెను. ఆ నేల గర్భస్థ శిశువును చుట్టియుండు ఉమ్మనీటి పొర. దానియందలి కొల్లాజన్, లామినిన్ అను మాంసకృత్తులు కణములకు పట్టు నిచ్చును.

కొందరికి తెల్లగుడ్డుపై పొరయు చెడియుండును. వారికి రెండు జాతుల కణములు కావలెను. రెంటిని కలిపి నాటిన, ఒకదాని తావును మరియొకటి ఆక్రమించును. కావున ఆ పొరపై ఉంగరమువంటి అడ్డు నొకదాని నుంచి, లోపల నల్లగుడ్డు అంచుకణములను, వెలుపల తెల్లగుడ్డు కణములను పెంచిరి. మడికి గట్టు ఎట్టిదో, ఆ ఉంగర మట్టిది.

2011లో ప్రకటింపబడిన పదేండ్ల పరిశీలనలో, అంచుకణములను నాటిన 200 కన్నులలో 142 కన్నుల పైపొర నిలకడగా బాగుపడెను. రెండు పొరలును చెడిన కన్నులు ఇంతకంటె కష్టసాధ్యములు. 2012లో డాక్టర్ సంగ్వాన్ ప్రభృతులు, ముక్కను తునుకలుగా కోసి, కంటిపై పరచిన ఉమ్మనీటి పొరమీదనే నాటు సులభపద్ధతిని ప్రకటించిరి. ప్రయోగశాల వ్యయము తప్పినది. కన్నే నారుమడి యైనది.

అయినను 58 కన్నులకు ఆ ఫలము దక్కలేదని మరువరాదు. సున్నము కంటబడిన తక్షణమే నలుపక, రెప్పలు విప్పి, మంచినీటితో అరగంటసేపు ఎడతెగక కడిగి, పిదప వైద్యుని చేరవలెను. గ్రంథాలయమునకు వచ్చు ప్రతివారును ఈ మాటను చదువురాని ఇరుగుపొరుగులకు వినిపింతురుగాక!