వచ్చింది రాయి, రావాల్సింది కాదు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"ఏం పని చేస్తున్నవ్?" అని పెద్దమందడిలో ఎవరడిగినా ఇన్నేళ్లూ "రాళ్ల మీద పరిశోధన" అని తప్పించుకున్నాను. ఈ రోజు సరిగా చెబుతాను.

నులక మంచం అందరికీ తెలుసు. నులక బిగువుగా ఉంటే మీటినప్పుడు ఒక మోత, సడలితే మరో మోత. ఒక మూల లాగితే అల్లికంతా కదులుతుంది. స్ఫటికంలో పరమాణువులు కూడా అలాగే ఒకదానికొకటి కట్టుబడి ఎప్పుడూ కంపిస్తుంటాయి. దాని మీద వెలుగు పడేస్తే, చెదిరి వచ్చే వెలుగు రంగులో కొద్దిపాటి మార్పు ఉంటుంది. దాన్ని కొలిస్తే ఆ కంపనాలు తెలుస్తాయి. 1928లో సి.వి. రామన్ కనుగొన్నది ఇదే. ఏ స్ఫటికంలో ఏ కంపనాలు కనిపిస్తాయో లెక్కగట్టే పద్ధతిని మన తెలుగువారు సూరి భగవంతం, టి. వెంకటరాయుడు గార్లు రూపొందించారు. ఆ భగవంతం గారే తర్వాత ఉస్మానియా విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్ అయ్యారు.

పలుగురాయి కూడా స్ఫటికమే. 573 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాని లోపలి అమరిక మారిపోతుంది. ఆ వేడి దగ్గరపడేకొద్దీ అందులో ఒక కంపనం నెమ్మదిస్తుందని 1940లో రామన్, నెడుంగాడి చూపారు.

నేను పనిచేసిన రాయి పేరు కాల్షియం రుథెనేట్. అందులో ప్రతి రుథేనియం చుట్టూ ఆరు ఆక్సిజన్లు గూడు కట్టి ఉంటాయి. సుమారు 84 డిగ్రీల పైన అది విద్యుత్తును పోనిస్తుంది. చల్లారితే గూళ్లు అణిగి, ఒరిగి, విద్యుత్తును ఆపేస్తుంది. కాల్షియం స్థానంలో కాస్త పెద్దదైన స్ట్రాన్షియాన్ని కొద్దికొద్దిగా చేరిస్తే ఈ మార్పు ఇంకా చల్లని ఉష్ణోగ్రతకు జరుగుతుంది. పదింట ఒకటి మారిస్తే దాదాపు పూర్తిగా ఆగిపోతుంది.

విద్యార్థిగా ఉన్నప్పుడు స్ట్రాన్షియం కలిపిన ఒక స్ఫటికాన్ని చల్లబరుస్తూ కొలుస్తున్నాను. తొందరపడి వేగంగా చల్లార్చాను. రాయి ముక్కలైంది. మార్పు వచ్చినప్పుడు అది ఒక దిక్కున కుంచించుకుని, మరో దిక్కున సాగుతుంది. ఆ ఒత్తిడికి తట్టుకోలేదు. మూడు కొలతలు మిగిలిపోయాయి. ముందూ వెనుకా ఉన్న చుక్కలను కలుపుతూ ఒక నున్నని గీత గీస్తే ఎవరికీ తెలియదు. చెయ్యి పెన్సిల్ దాకా పోయింది.

అప్పుడు ఈ బడిలో మా సైన్సు సారు రికార్డు దిద్దుతూ అన్న మాట గుర్తొచ్చింది: "వచ్చింది రాయిరా, రావాల్సింది కాదు." పెన్సిల్ పక్కన పెట్టి, "స్ఫటికం పగిలింది, కొలతలు లేవు" అని రాశాను.

నెలల తర్వాత మరో ముక్కతో, ఈసారి నిదానంగా, మళ్లీ కొలిచాను. ఆ మూడు చుక్కల ఖాళీలోనే కంపనం ఒక్కసారిగా ఎగిరి దూకింది. నేను వెతుకుతున్న మార్పు సరిగ్గా అక్కడే ఉంది. ఆ రోజు నున్నని గీత గీసి ఉంటే దాన్ని నా చేత్తో నేనే చెరిపేసేవాణ్ని.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, తెలుగు మీడియం అని వెనకడుగు వేయకండి. ఇంగ్లీషు నేను తర్వాత నేర్చుకున్నాను. రికార్డు రాయడం మాత్రం ఇక్కడే నేర్చుకున్నాను.