ఉన్నత పట్టములు – వాని నియమములు
(పాఠశాల వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయుల ప్రసంగ పాఠము)



వార్షికోత్సవ దినమున ప్రధానోపాధ్యాయుడు బడి నివేదిక చదువుట వాడుక. ఆ పనిని కార్యదర్శిగారు ఇంతకుమున్నే నిర్వహించినారు. కావున మాకు దొరకిన ఈ కొద్ది కాలమును వేరొక విషయమునకు వినియోగించుకొందుము. విశ్వవిద్యాలయమున ఎం.ఏ., ఎం.ఎస్‌సి., పిహెచ్.డి. వంటి ఉన్నత పట్టములు పొందుటకు ఏయే నియమములు కలవు, వానికి మన పిల్లలు ఎప్పటినుండి సిద్ధపడవలెను అనునదే ఆ విషయము.

బడిపిల్లల యెదుట పిహెచ్.డి. మాట తెచ్చుట ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగమన్నట్లున్నదని కొందరు పెద్దలకు తోచవచ్చును. పైగా మేము ఇంటర్మీడియట్ వరకు చదివి, ఉపాధ్యాయ శిక్షణ పొంది, ఈ వృత్తిలోనే తల నెరసినవారము. విశ్వవిద్యాలయ పట్టము మాకు లేదు. అయినను ఏరు దాటనివాడు సైతము రేవు ఎచ్చట నున్నదో చెప్పగలడు. ఆ రేవు చూపుటయే నేటి మా ప్రయత్నము.

ప్రతి సంవత్సరము ప్రవేశముల కాలమున తల్లిదండ్రులు మమ్ము తప్పక అడుగు ప్రశ్న ఒకటి కలదు. "అయ్యా, తెలుగు బడిలో చదివించినచో మా పిల్లవాడు రేపు పెద్ద చదువులకు పనికివచ్చునా?" ఈ ప్రశ్నకు తృప్తికరమైన సమాధానము దొరకకనే ఎందరో తమ పిల్లలను వేరు బడులకు మార్చుచున్నారు. బెంగళూరు వంటి నగరమున మన బడి నిలుచుటయు, నిలువకపోవుటయు చాలవరకు ఆ సమాధానముపైననే ఆధారపడియున్నది. "పనికివచ్చును" అని ఊరక ధైర్యము చెప్పిన చాలదు. నియమములను విప్పి చూపవలెను.

మొదట మన ఊరి సంగతి చూతము. 1858లో ఉన్నత పాఠశాలగా మొదలై సెంట్రల్ కళాశాలగా పెరిగిన విద్యాసంస్థ 1916లో ఏర్పడిన మైసూరు విశ్వవిద్యాలయమునకును, పిదప 1964లో ఏర్పడిన బెంగళూరు విశ్వవిద్యాలయమునకును అంగమైనది. 1909లో స్థాపింపబడిన భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధన విద్యకు దేశమునందే ప్రధాన స్థానము. బెంగళూరు విశ్వవిద్యాలయపు జ్ఞానభారతి ఆవరణమున తెలుగు శాఖ కలదు. కన్నడ దేశపు రాజధానిలో తెలుగున ఎం.ఏ. చదువు వీలున్నదని మనలో ఎందరు ఎరుగుదురు? కొన్ని గంటల రైలు ప్రయాణముతో కుప్పము చేరినచో అచ్చట 1997లో నెలకొల్పబడిన ద్రావిడ విశ్వవిద్యాలయము కలదు. స్థలము కొరత కాదు, సమాచారము కొరత.

ఇక ఎం.ఏ., ఎం.ఎస్‌సి. నియమములు. వీనికి ముందు బి.ఏ., బి.ఎస్‌సి. వంటి డిగ్రీ ఉండవలెను. కర్ణాటకమున 2021-22లో నాలుగేండ్ల ఆనర్సు పద్ధతి ప్రవేశపెట్టి, 2024-25 నుండి మరల మూడేండ్ల డిగ్రీకి మరలినారు. మూడేండ్ల డిగ్రీ పొందినవారికి ఎం.ఏ. రెండేండ్లు, అనగా నాలుగు సెమిస్టర్లు. నాలుగేండ్ల ఆనర్సు చదివినవారికి, 2024లో విశ్వవిద్యాలయ గ్రాంటుల సంఘము ప్రకటించిన పద్ధతి ననుసరించి, ఒక యేడు చాలును. చదువును నేడు క్రెడిట్లతో కొలుచుచున్నారు. ఒక సెమిస్టరులో 15 గంటల పాఠము విన్నచో ఒక క్రెడిట్. ప్రయోగశాల పనియైనచో 30 గంటలు. ఏడాదికి సుమారు 40 క్రెడిట్లు కూడవలెను. హాజరు సాధారణముగా నూటికి 75కు తగ్గరాదు.

ఈ లెక్కలకంటె ముఖ్యమైనది మరొకటి కలదు. ఏ విషయమున ఎం.ఏ. చేయదలచిన, డిగ్రీలో ఆ విషయమును చదివియుండవలెనను నియమము చాలచోట్ల కలదు. డిగ్రీలో దొరకవలెనన్న పి.యు.సి.లో దానికి పునాది ఉండవలెను. పి.యు.సి.లో గణితమును విడిచినవానికి భౌతికశాస్త్రమున ఎం.ఎస్‌సి. తలుపు పదునారవ యేటనే మూతపడును. మార్కులు తేలికగా వచ్చునని తెలుగును విడిచి మరియొక భాషను తీసికొన్నవానికి తెలుగు ఎం.ఏ. తలుపు అట్లే మూతపడవచ్చును. ఆ తలుపును మూసినవాడు విశ్వవిద్యాలయాధికారి కాడు. పదవ తరగతి ముగిసిన నెలలో, ఎవరినో అనుసరించి, ఎవరును చెప్పక, ఆ పిల్లవాడే మూసికొన్నాడు. అందువలననే ఈ మాటలు ఈ సభలో చెప్పుచున్నాము.

మన బడిలో చదివిన ఒక విద్యార్థి తరువాత ఎం.ఏ. ముగించి మమ్ము చూడవచ్చెను. తెలివిగలవాడు. కాని నూటికి 54 మార్కులు వచ్చినవి. డాక్టరేటుకును, కళాశాల ఉపన్యాసక పదవికి అర్హతయైన నెట్ పరీక్షకును అతడు చెందిన తరగతివారికి 55 కావలెను. "ఆ గీత ఎచ్చట నున్నదో ముందే తెలిసియుండినచో చివరి సెమిస్టరులో మరికొంత శ్రమించియుందును గదా" అన్నాడు. ఆ ఒక్క మార్కు అతనికి తెలివి లేక పోలేదు, తెలియక పోయినది.

ఇక పిహెచ్.డి. ఈ పట్టమునకు మూలము 19వ శతాబ్దపు జర్మను విశ్వవిద్యాలయములు. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయము 1861లోను, ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డు 1917లోను దీనిని స్వీకరించినవి. డాక్టరు అను మాటకు లాటిను భాషలో బోధించువాడని అర్థము. కావున ఆ మాట వైద్యులకంటె ముందు మా బడిపంతుళ్లదే యని మేము సగర్వముగా చెప్పుకొందుము.

మన దేశమున యు.జి.సి. 2022 నవంబరులో జారీచేసిన నియమావళి ఈ పట్టమునకు ఆధారము. దాని ప్రకారము ఎం.ఏ. లేక తత్సమానమైన పట్టమున 55 శాతము మార్కులుండవలెను. షెడ్యూల్డు కులములు, తెగలు, వెనుకబడిన తరగతులు, వికలాంగులు, ఆర్థికముగా బలహీనులగువారు మొదలైనవారికి 5 శాతము సడలింపు కలదు. నాలుగేండ్ల ఆనర్సున 75 శాతము పొందినవారు ఎం.ఏ. లేకయే చేరవచ్చును. మూడేండ్ల డిగ్రీ గల మన పిల్లలు మాత్రము ఎం.ఏ. మెట్టు ఎక్కియే రావలెను. ఇదివరకు నడుమ నుండిన ఎం.ఫిల్. ఈ నియమావళితో ఆగిపోయినది.

ప్రవేశమునకు వ్రాతపరీక్ష కలదు. దానికి 70 పాళ్లు, ముఖాముఖి సంభాషణకు 30 పాళ్లు విలువ. 2024 జూన్ నుండి నెట్ పరీక్ష మార్కులతోను ప్రవేశము పొందు వీలు కల్పించినారు. చేరిన పిదప 12 మొదలు 16 క్రెడిట్ల వరకు పాఠములు చదివి, వానిలోను 55 శాతము పొందవలెను. ఒక పర్యవేక్షకుడు, ఒక సలహా సంఘము ఉందురు. ప్రతి సెమిస్టరునందును ఆ సంఘము ఎదుట తన పని ఎంతవరకు వచ్చినదో నిలబడి చెప్పవలెను. కనీస కాలము మూడేండ్లు, గరిష్ఠ కాలము ఆరేండ్లు; మరల నమోదు చేసికొన్నచో ఇంకను రెండేండ్లు. తుదకు సిద్ధాంత వ్యాసమును ఆ విశ్వవిద్యాలయమునకు చెందని ఇరువురు పండితులు పరీక్షింతురు. వారు అంగీకరించిన పిమ్మట మౌఖిక పరీక్ష.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ప్రత్యేకముగా ఒక మాట. "పెండ్లి కావలసిన పిల్ల, అన్నేండ్ల చదువెట్లు?" అని అందురు. అదే నియమావళి స్త్రీలకు మరి రెండేండ్ల గడువును, ప్రసూతికి 240 దినముల వరకు సెలవును ఇచ్చినది. "డబ్బెక్కడిది?" అనువారికి మరొక మాట. నెట్ పరీక్షలో జూనియర్ పరిశోధక వేతనమునకు ఎన్నికైనవారికి 2023 జనవరి నుండి నెలకు 37,000 రూపాయలుగా నిర్ణయించినారు. ఉద్యోగస్థులు తమ సంస్థ అనుమతితో, ఉద్యోగము చేయుచునే పరిశోధన సాగించు దారియు కలదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తుము. ఈ నియమములలో ఎచ్చటనైనను "బాల్యమున ఏ మాధ్యమమున చదివితివి?" అను ప్రశ్న మీకు వినబడినదా? లేదు. మార్కులు అడిగినారు, కాలము అడిగినారు, పరీక్ష అడిగినారు. మాధ్యమము అడుగలేదు. 2023 ఏప్రిల్‌లో యు.జి.సి., ఆంగ్లమున బోధించు విషయములలో సైతము విద్యార్థులు స్థానిక భాషలలో పరీక్ష వ్రాయుటకు అనుమతింపుడని విశ్వవిద్యాలయములను కోరినది. అట్లని ఆంగ్లము అక్కరలేదని మేము చెప్పము. విజ్ఞానశాస్త్రముల గ్రంథములు, పత్రికలు నేటికిని చాలవరకు ఆంగ్లముననే యున్నవి. కన్నడము మనకు అన్నము పెట్టు నేల భాష. ఈ రెంటిని చక్కగా నేర్వవలెను. కాని ఆలోచన మాతృభాషలో స్థిరపడిన పిల్లవాడు పైభాషలను వేగముగా పట్టుకొనునని మా తరగతి గదుల అనుభవము.

నియమములు దాటినవారి జీవితములు రెండు చూతము. ఇరువురును 1920లో పుట్టినవారే. హెచ్. నరసింహయ్యగారు ఆంధ్ర సరిహద్దుననున్న గౌరీబిదనూరు తాలూకా హోసూరు గ్రామమున పేద ఇంట జన్మించిరి. 1935లో బండి కూలికి డబ్బు లేక 80 కిలోమీటర్లకు పైగా కాలినడకన రెండు దినములలో బెంగళూరు చేరి, బసవనగుడి నేషనల్ హైస్కూలులో చేరిరి. సెంట్రల్ కళాశాలలో ఎం.ఎస్‌సి. ముగించి, 1946లో నేషనల్ కళాశాలలో ఉపన్యాసకులైరి. అమెరికాలోని ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయమున అణుకేంద్ర భౌతికశాస్త్రమున డాక్టరేటు పొందినది 1960లో, అనగా నలుబదవ యేట. పిదప 1970ల దశకమున బెంగళూరు విశ్వవిద్యాలయమునకే ఉపాధ్యక్షులైరి. వయస్సు మీరినదని దిగులుపడు యువోపాధ్యాయులు ఆ సంవత్సరములను ఒకమారు లెక్కించుకొందురుగాక.

రెండవవారు కల్యంపూడి రాధాకృష్ణ రావుగారు. నేటి కర్ణాటకమునందలి హూవినహడగలిలో ఒక తెలుగు కుటుంబమున జన్మించిరి. ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితమున ఉన్నత పట్టము, కలకత్తాలో 1943లో గణాంకశాస్త్రమున ఎం.ఏ. పొందిరి. 1946లో కేంబ్రిడ్జి వెడలి, సూడాన్ దేశపు త్రవ్వకములలో దొరకిన ప్రాచీన మానవుల అస్థుల కొలతలపై పనిచేసి, 1948లో పిహెచ్.డి. గైకొనిరి. 2023లో వారికి అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమానము లభించినది. ఆ బహుమానము 1945లో, అనగా డాక్టరేటునకు మూడేండ్లకు ముందు, వారు కలకత్తాలో ప్రకటించిన ఒక వ్యాసమునకు! ఆనాటికి వారికి ఇరువదియైదేండ్లు. పట్టము పనిని పుట్టింపలేదు. పని ముందు పుట్టినది, పట్టము దాని వెంట నడచినది.

ఇందుచేత లెక్కకు అందని నియమము ఒకటి కలదని తేలుచున్నది. అది తనదైన ప్రశ్న ఉండుట, దాని సమాధానమును తన చేతితో నిజాయితీగా వ్రాయుట. ఈ నిజాయితీకి సైతము నేడు కొలత వచ్చినది. యు.జి.సి. 2018లో చేసిన నిబంధన ప్రకారము సిద్ధాంత వ్యాసమున పరుల రాతతో పోలిక 10 శాతమునకు మించినచో దిద్ది మరల సమర్పింపవలెను. 60 శాతమునకు మించినచో నమోదే రద్దగును. గైడు పుస్తకము చూచి జవాబులు దింపుకొను పిల్లవాడు, నేటి పది మార్కుల కొరకు రేపటి పట్టమును తాకట్టు పెట్టుచున్నాడు. సొంత మాటలలో వ్రాసిన తప్పుల జవాబునకు మా బడిలో గౌరవము కలదు. దానిని దిద్దుటకే మేము ఉన్నాము.

కావున మూడు విన్నపములు. విద్యార్థులారా! ఒక చిన్న నోటుపుస్తకము పెట్టుకొని, ఎవరును మీకు జవాబు చెప్పలేకపోయిన ప్రశ్నలను అందులో వ్రాసికొనుడు. తల్లిదండ్రులారా! పి.యు.సి.లో విషయములు ఎన్నుకొను ముందు ఒక సాయంకాలము మీ బిడ్డతో బడికి రండు. ఏ దారి ఎచ్చటికి పోవునో కలిసి చూతము. సంఘము పెద్దలారా! పట్టములు పొందిన మన పూర్వ విద్యార్థులను మాసమునకొక శనివారము ఇచ్చటికి పిలిపించుడు. వారి ముఖము చూచినప్పుడు కలుగు ధైర్యము మా ఉపన్యాసమున కలుగదు.

ఈ బడి గోడపై 55 అను అంకెను పెద్ద అక్షరములతో వ్రాయింపదలచినాము. ఎందుకని అడుగు ప్రతి పిల్లవానికిని కారణము చెప్పుదుము. ఒక్క మార్కు దూరమున, తెలియక ఆగిపోయిన బిడ్డ ఇక మన బడినుండి ఉండరాదు.