వెలుగు రోడ్డు మీద పడాలి
(వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏటా ఈ సభలో పిల్లల స్కాలర్‌షిప్పుల గురించి, వితంతువుల పింఛన్ల గురించి, రంజాన్ రేషన్ గురించి మాట్లాడుకుంటాం. ఈసారి వాటితో పాటు మరో సంగతి మీ ముందు పెడుతున్నాం. అది రాత్రిపూట బండి నడిపి ఇల్లు సాకే మన డ్రైవర్ల కళ్ల సంగతి, వాళ్ల పాత బండ్ల హెడ్‌లైట్ల సంగతి.

ఇది మెకానిక్ షెడ్డులో మాట్లాడుకునే విషయం కదా, ఇక్కడెందుకు అని అనిపించవచ్చు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. ఇంటి పెద్ద పోయాక ఆ ఇంటికి పింఛను ఇవ్వడానికి మనలాంటి సంఘాలు ముందుకొస్తాయి. పింఛను ఇచ్చే అవసరమే రాకుండా ముందుగా చేయగలిగిన పని ఉంటే, అది కూడా మన బాధ్యతే. దారిలో హాని చేసేదాన్ని తొలగించడం సదఖా అని మనకు చిన్నప్పటి నుంచి నేర్పారు. చీకట్లో ఎదుటి మనిషిని కనపడనివ్వని మసక అద్దం కూడా అలాంటిదే.

గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు చేరవేసే పాత లారీలు, తెల్లవారుజామున కూరగాయలు దించే టాటా 407లు, రైల్వే స్టేషన్ బయట రాత్రంతా నిలబడే ఆటోలు మనం రోజూ చూసేవే. వాటిని నడిపేవాళ్లలో యాభై దాటిన వాళ్లు చాలామంది. కళ్లు మసకబారుతున్నా బయటికి చెప్పరు. చెబితే ఓనరు తాళం తీసేసుకుంటాడని భయం. లైసెన్సు కోసం ఇచ్చే ఫారం 1లో రేచీకటి ఉందా అన్న ప్రశ్న ఉంటుంది. దానికి నిజం రాస్తే పొట్ట మీద దెబ్బ పడుతుందనుకునే మనిషి ఏం రాస్తాడో మనకు తెలుసు. కాబట్టి వాళ్లను తప్పుపట్టడం కాదు, నిజం చెప్పినా బతుకు సాగుతుందన్న ధైర్యం వాళ్లకు ఇవ్వాలి.

ఒక చిన్న లెక్క చూద్దాం. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. మనిషిని చూసి బ్రేకు మీద కాలు వేసేలోపే 25 మీటర్లు దాటుతుంది. బండి ఆగేసరికి మొత్తం 50 మీటర్లు. లోడు లారీకి ఇంకా ఎక్కువ కావాలి. నల్లబట్టల్లో రోడ్డు పక్కన నడిచే మనిషి మసక లైటులో 30 మీటర్ల దగ్గరికి వచ్చాక కనపడితే, ఎంత మంచి డ్రైవరైనా ఏం చేయగలడు? చేతిలో ఉన్న పని రెండే. వేగం తగ్గించాలి, చూపు దూరం పెంచాలి.

చూపు దూరం పెంచడంలో మొదటి మెట్టు కన్ను. అరవై ఏళ్ల మనిషి కంటి లోపలి రెటీనాకు చేరే వెలుగు, ఇరవై ఏళ్ల కుర్రాడితో పోలిస్తే దాదాపు మూడో వంతే. శుక్లం ఉంటే ఎదురు బండి లైటు కంట్లో చెదిరి తెల్లటి పొగలా కమ్మేస్తుంది. ఉచిత శిబిరాల్లో చాలామందికి దగ్గరి చూపు అద్దాలు అందాయి. పేపరు చదవడానికి అవి మంచివే. బండి నడపడానికి మాత్రం దూరపు చూపు నంబరు వేరుగా చూపించుకోవాలి. రాత్రి డ్రైవింగ్ కోసమని రోడ్డు పక్కన అమ్మే పసుపు అద్దాలు చూపు పెంచవు. లోపలికి వచ్చే వెలుగును ఇంకా తగ్గిస్తాయి. పెదకాకాని శంకర కంటి ఆసుపత్రి, తాడిగడపలోని ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ మనకు దగ్గరలోనే ఉన్నాయి. అక్కడి దాకా తీసుకెళ్లే మనిషి, ఆ రోజు కూలి పోకుండా చూసే చేయి ఉంటే చాలు.

రెండో మెట్టు బండి. కొత్త బల్బు కొనడం ఇక్కడ చివరి పని. ముందు చేయవలసినవి మూడు ఉన్నాయి.

మొదటిది అద్దం. ప్లాస్టిక్ డూమ్ ఎండకు పచ్చబడి మసకేస్తుంది. నీళ్లు పోస్తూ వాటర్ పేపరు ముందు గరుకుది, తర్వాత నున్ననిది రుద్ది, పాలిష్ పెట్టి, ఎండకు తట్టుకునే పూత వేస్తే మళ్లీ తేటపడుతుంది. టూత్‌పేస్టుతో రుద్దితే కొన్నాళ్లే మెరుస్తుంది. అంబాసిడర్, జీపు, జిప్సీలకు వచ్చే ఏడంగుళాల గుండ్రటి గాజు లైటు పచ్చబడదు గాని, లోపలి వెండి పూత నల్లబడుతుంది. దాన్ని తుడవకూడదు, తుడిస్తే ఉన్నదీ పోతుంది. లైటు మొత్తం మార్చుకోవడమే దారి.

రెండోది కరెంటు. పాత బండ్లలో హెడ్‌లైటు కరెంటంతా డ్యాష్‌బోర్డు స్విచ్చు గుండా, సన్నటి పాత వైరు గుండా పోయి దారిలోనే కొంత ఖర్చయిపోతుంది. హాలోజన్ బల్బుకు వోల్టేజి పదో వంతు తగ్గితే వెలుగు దాదాపు మూడో వంతు తగ్గుతుంది. ఇంజను నడుస్తుండగా, లైటు వేసి ఉంచి, బ్యాటరీ దగ్గర ఒకసారి, బల్బు హోల్డరు దగ్గర ఒకసారి మీటరు పెట్టి చూడాలి. అర వోల్టుకు మించి తేడా ఉంటే వైరింగు బాగుచేయించాలి. ఎర్తు వైరు తుప్పు గీకించి, బ్యాటరీ నుంచి ఫ్యూజు పెట్టి మందమైన వైరు లాగి, రిలే వేయిస్తే పాత బల్బే కొత్తగా వెలుగుతుంది. దీనికి అయ్యేది వందల్లో ఖర్చు, తెలిసిన ఎలక్ట్రీషియను ఒక పూట పని.

మూడోది లైటు మట్టం. సమతలంగా ఉన్న చోట, టైర్లలో గాలి సరిచూసి, మామూలు లోడుతో బండిని గోడకు 10 మీటర్ల దూరంలో నిలపాలి. లైటు నడిబొడ్డు ఎత్తును గోడ మీద సుద్దతో గీయాలి. డిమ్ లైటు పై అంచు ఆ గీతకు 10 సెంటీమీటర్లు కింద పడాలి. మనం ఎడమవైపు నడుస్తాం కనుక ఎడమ పక్క వెలుగు కాస్త పైకి లేస్తుంది. పక్కన నడిచేవాళ్లు కనపడటానికి, ఎదుటివారి కళ్లలో కొట్టకుండా ఉండటానికి ఆ ఏర్పాటు. వెనక లోడు పడితే ముందు భాగం లేచి లైటు ఎదుటివాడి కళ్లలో పడుతుంది. కాబట్టి లోడు బండిని లోడుతోనే చూడాలి.

ఈ మూడూ అయ్యాకే బల్బు. 12 వోల్టుల బండికి కంపెనీ చెప్పిన 60/55 వాట్ల హెచ్4 బల్బు మంచి రకానిది చాలు. 100/90 వేస్తే హోల్డరు కరుగుతుంది, వైరు కాలుతుంది. హాలోజన్ డూమ్‌లో ఎల్‌ఈడీ పెడితే, వెలుగు పుట్టే చోటు మారి బీము చెదిరిపోతుంది. బంపరు ముందు తెల్లగా కనపడి చాలా వెలుగు వచ్చినట్టుంటుంది. దగ్గర మరీ వెలుగైతే కంటిపాప చిన్నదై దూరం ఇంకా తక్కువ కనపడుతుంది. పైగా ఎదురొచ్చేవాడికి ఏమీ కనపడదు. ఆ ఎదురొచ్చేవాడూ అరవై ఏళ్లవాడే కావచ్చు. కంపెనీ ఇచ్చినదాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కూడా ఒప్పుకోదు.

ఒక కఠినమైన మాట కూడా చెప్పాలి. లైటు కంటికి మందు కాదు. రెటీనా జబ్బుతో రేచీకటి వచ్చినవారు, నీటికాసులు ముదిరి పక్కచూపు పోయినవారు ఎంత మంచి లైటు ఉన్నా రాత్రి బండి ఎక్కకూడదు. శుక్లం ఆపరేషను అయినవారు డాక్టరు సరేనన్నాకే ఎక్కాలి. ఈ మాట చెప్పి చేతులు దులుపుకుంటే మనం చేసింది మేలు కాదు. రాత్రి పని మానేసిన మనిషికి పగటి డ్యూటీయో, గోడౌను పనో, చిన్న కొట్టో దొరికేదాకా ఆ ఇల్లు మన చేతుల మీద నడవాలి.

అందుకే దాతలను మూడు పద్దులకు సాయం అడుగుతున్నాం. డ్రైవర్లకు కంటి పరీక్ష, దూరపు అద్దాలు ఒకటి. మన ఆటోనగర్ మిస్త్రీల చేత పాత బండ్ల లైట్లు సరిచేయించడం రెండు. రాత్రి డ్రైవింగ్ మానవలసి వచ్చినవారి ఇంటికి కొన్ని నెలల ఖర్చు మూడు. జకాత్ సొమ్ము దేనికి వాడవచ్చో ఉలమాలను అడిగి వాడతాం. బండ్ల ఖర్చు సదఖా, లిల్లాహ్ పద్దు నుంచే పెడతాం. లెక్కలు వేర్వేరు పుస్తకాల్లో ఉంటాయి, ఎవరైనా చూడవచ్చు. డబ్బు ఇవ్వలేనివారు ఒక ఆదివారం షెడ్డులో చేయి వేసినా, ఒక పెద్దాయనను కంటి ఆసుపత్రికి తీసుకెళ్లినా అంతే విలువ.

తెల్లవారి ఫజ్ర్ వేళకు ప్రతి డ్రైవరూ క్షేమంగా ఇల్లు చేరాలని, దారిలో నడిచేవారూ చేరాలని అల్లాహ్‌ను వేడుకుంటున్నాం. ఆమీన్.