మేత బీటికి యూరియా వలయునా?

(మన సంఘపు సభలో చేసిన ప్రసంగ పాఠము)



చల్లకెరె, హిరియూరు ప్రాంతములలో తరతరములుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో పశువులు, గొఱ్ఱెలు గలవారు పలువురు కలరు. ఊరి మేత బీడు పలుచబడినదనియు, వాన పడగనే యూరియా చల్లించినచో గడ్డి మోకాలెత్తు పెరుగుననియు కొందఱు సభ్యులు చెప్పుచున్నారు. ఈ కోరిక గ్రామ పంచాయతి వఱకు పోకముందే కొన్ని మాటలు మనవి చేయదలచితిమి. ఎరువుల వ్యాపారమున జీవించు మేము ఎరువు వలదనుట మీకు వింతగా తోపవచ్చును. పొలమునకు వలదని మేము చెప్పుట లేదు, బీటికి వలదనుచున్నాము.

ఈ విషయమున మొదట సాక్ష్యమిచ్చినవాడును ఎరువుల వర్తకుడే. జాన్ బెన్నెట్ లాస్ అను ఆంగ్లేయుడు 1842లో సూపరు ఫాస్ఫేటు తయారీకి పేటెంటు పొంది, దానిని విక్రయించి ధనికుడయ్యెను. ఆయనయు, రసాయనశాస్త్రజ్ఞుడగు జోసెఫ్ హెన్రీ గిల్బర్టును 1856లో రోథాంస్టెడ్ అను చోట ఒక పాత పచ్చిక బయలును మళ్లుగా విభజించి, మడికొక విధమైన ఎరువు వేయించిరి. కొన్ని మళ్లకు ఏమియు వేయలేదు. ఎండుగడ్డి దిగుబడి పెంచుటయే వారి యుద్దేశము. దిగుబడి పెరిగినది. కాని రెండు మూడేండ్లలోనే మడికిని మడికిని పోలిక లేకుండ పోయెను. ఆ ప్రయోగము నేటికిని సాగుచున్నది. ఏ యెరువును ఎరుగని మళ్లలో సుమారు 40 జాతుల మొక్కలు కలవు. ఏటేట అమ్మోనియం సల్ఫేటు మెండుగా వేసి, సున్నము వేయని మళ్లలో మన్ను పులిసిపోయి, రెండు మూడు జాతుల గడ్డి మాత్రమే మిగిలినది.

ఎరువు బలమే గదా, బలము వలన మొక్క చచ్చుటెట్లని అడుగవచ్చును. మొక్క చచ్చునది బలము వలన కాదు, నీడ వలన. నత్రజని దొరకగనే త్వరగా పెరుగు జాతులు నిలువెత్తు లేచి వెలుతురునంతయు తామే త్రాగివేయును. పొట్టి మొక్కలు వాని క్రింద చీకటిలో నశించును. 2009లో ప్రకటింపబడిన యొక ప్రయోగమున, ఎరువు వేసిన గడ్డి యడుగున చిన్న దీపములు అమర్చి చూచిరి. దీపములున్న చోట చిన్న జాతులు చాలవఱకు నిలిచినవి. మన బీటి మీది వెంపలిని చూడుడు. గాలిలోని నత్రజనిని వేళ్ల బుడిపెలలో కూర్చుకొను శక్తి దానికి కలదు కనుక పేద నేలలో దానిదే పైచేయి. అంగడి నత్రజని అందఱికిని ఉచితముగా పంచినచో వెంపలికి గల ఆ మేలు పోవును. విష్ణుక్రాంతము వంటి నేలబారు మొక్కల మాట చెప్పనక్కరలేదు.

ఇది పెద్ద మోతాదుల సంగతి, మేము చల్లునది కొంచెమే గదా యని కొందఱందురు. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున సీడరు క్రీకు అను చోట 1982 నుండి నడచిన పరీక్షలలో, ఏటికి హెక్టారునకు 10 కిలోల నత్రజని అదనముగా వేసినందుకే కాలక్రమమున నూటికి 17 వంతుల జాతులు తగ్గినవి. దీనిని మన లెక్కలో చెప్పెదము. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 20 కిలోల పైచిలుకు. ఏటికొక బస్తాను ఐదెకరములకు చల్లినచో అది ఆ మోతాదే యగును! ఐదెకరములకు ఒక్క బస్తా చల్లువానిని మా అంగడిలో మేమింతవఱకు చూడలేదు.

జాతులు తగ్గిననేమి, గడ్డి మెండుగా ఉన్నది చాలదా యను ప్రశ్నకు కరవు జవాబు చెప్పును. అదే సీడరు క్రీకులో 1988లో గొప్ప అనావృష్టి కలిగెను. పెక్కు జాతులున్న మళ్లలో పంట వెనుకటి దానిలో సగమునకు తగ్గెను. జాతులు మిక్కిలి కొఱవడిన మళ్లలో ఎనిమిదవ వంతైనను నిలువలేదు. వాన దండిగా పడిన యేటి మేతను చూచి మురియుట చల్లకెరె వారికి తగదు.

మన పెద్దలు పగలు మందను బీటిపై మేపి, రాత్రి పొలములో కట్టించెడివారు. మందకు రైతు కూలియో గింజలో ఇచ్చెడివాడు. బీటి సారము ఆ విధముగా పేడగా మారి పొలమునకు తరలిపోవుచుండెను. బీడు ఎప్పుడును బక్కగానే ఉండెను. బక్కగా ఉండుటచేతనే అన్ని జాతులకును చోటు దొరకెను. మేయుటయు హితవే. ఆరు ఖండములలోని 40 పచ్చిక బయళ్లలో జరిపి 2014లో వెల్లడించిన పరీక్షలో, పశువులు మేసి నేలకు వెలుతురు తెచ్చిన చోట జాతులు నిలిచినవని తేలినది. మట్టి తేలునట్లు మేపుట వేఱు మాట.

బీటికి నిజముగా కీడు చేయునది బళ్లారి జాలి, అనగా మన సర్కారు తుమ్మ. అదియు వెంపలి వలె నత్రజనిని కూర్చునదే. కాని అది చెట్టు. క్రింద నేలను బలపఱచి, పైన నీడ కప్పును. గట్టున పోయు పెంటపోగుల చుట్టును, దున్ని వదలిన చాళ్లలోను వయ్యారిభామ దట్టముగా లేచుచున్నది. రెవిన్యూ వారు బంజరని వ్రాసిన మాత్రమున ఆ నేలను దున్నినను, చెట్లు నాటినను లాభమే యనుకొనుట పొరపాటు.

చెడిన బీడు తిరిగి బాగుపడదా? రోథాంస్టెడ్‌లో 1989లో కొన్ని మళ్లకు నత్రజని మానిరి. జాతులు మరల చేరుటకు సుమారు ఇరువది యేండ్లు పట్టెను. అచట ప్రక్క మళ్లలో విత్తనము మిగిలియున్నది. మన ఊరికి ఉన్నది ఒక్కటే బీడు. అంతటను చల్లినచో విత్తనము ఎక్కడినుండి తెత్తుము?

కావున బీటికి యూరియా కోరు తీర్మానమును విరమించి, జాలి మొక్కలను వేళ్లతో పెకలించుటకు కూలి సొమ్మును, పెంటపోగులకు వేఱు చోటును మంజూరు చేయవలెనని పంచాయతికి అర్జీ సిద్ధపఱచితిమి. అర్జీ కన్నడమున ఉన్నది. సభ ముగియగనే తెలుగున చదివి వినిపించెదము. మందలు గలవారు మొదట సంతకము చేయవలసినదిగా కోరుచున్నాము.